సినిమా హాల్లో ‘మీద’, ‘కింద’ల లెక్క

మిర్యాలగూడలోనో, వనపర్తిలోనో పండక్కి కొత్త సినిమా పడింది అనుకుందాం. హాలు ముందు జనం. బుకింగ్ కిటికీ అంటారు గానీ అది కిటికీ కాదు, గోడకు చెయ్యి పట్టేంత కంత. ఆ ఒక్క కంతలో నాలుగు చేతులు, నాలుగు పిడికిళ్ళలో నలిగిన నోట్లు. అందులో ఒకడు చెయ్యి బయటికి తీయకుండానే మెడ వెనక్కి తిప్పి అరుస్తాడు: “బావా, మీద తీయాల్నా, కింద తీయాల్నా?” దూరంగా నిలబడ్డ బావ వెంట వచ్చిన ఆడవాళ్ళ వైపు ఒకసారి చూస్తాడు, జేబు తడుముకుంటాడు, “మీదనే తియ్యి” అంటాడు.

ఆ ఒక్క మాటతో చాలా తేలిపోయింది. టికెట్ ఎంత, ఏ గేటు నుంచి పోవాలి, పక్కన ఎవరు కూర్చుంటారు, ఇంటర్వెల్‌లో ఎక్కడ చాయ్ తాగుతారు, విజిల్ వెయ్యొచ్చా లేదా అన్నవన్నీ ‘మీద’లోనే ఉన్నాయి. గోడ మీది రేట్ల బోర్డులో మాత్రం ‘మీద’ అని ఉండదు. బాల్కనీ అని ఉంటుంది. పెద్ద ఊళ్ళలో అయితే డ్రెస్ సర్కిల్, అప్పర్ బాల్కనీ, లోయర్ బాల్కనీ, బాక్స్ అని ఇంకా పేర్లు. వీటిలో ఏది దేనికన్నా పైన, ఏది దేనికన్నా ఖరీదు అన్నది పేరును బట్టి చెప్పడం కష్టం. ఎందుకంటే ఈ పేర్లు ఎత్తును కొలిచేవి కావు. చూడ్డానికి చోటు పేర్లలా ఉంటాయి, నడిచేది మాత్రం ధర పేర్లుగా.

ముందు మన దగ్గరి వరుస చూద్దాం. డేరా టాకీసుల కాలం నుంచి దక్షిణ తెలంగాణలో వాడుకలో ఉన్న మెట్లు నేల, బెంచి, కుర్చీ. తర్వాత పక్కా హాళ్ళు కట్టాక పైన బాల్కనీ చేరింది. మొదటి మూడు పేర్లను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. అవి ఎక్కడ కూర్చున్నామో చెప్పవు, దేని మీద కూర్చున్నామో చెబుతాయి. కింద మట్టి ఉంటే నేల, చెక్క ఉంటే బెంచి, వీపుకు ఆసరా ఉంటే కుర్చీ. ఇంతకన్నా నిజాయితీ గల పేర్లు ఏ దేశపు థియేటర్లోనూ లేవేమో. డబ్బు పెరిగే కొద్దీ ఒంటికి దక్కే సుఖం ఎంతో పేరులోనే చెప్పేస్తున్నారు.

ఇంగ్లీషు బోర్డులు వచ్చాక ఈ సూటిదనం పోయింది. బెంచి సెకండ్ క్లాస్ అయింది, కుర్చీ ఫస్ట్ క్లాస్ అయింది. కొన్ని హాళ్ళలో దాని వెనక రిజర్వ్‌డ్ అని ఇంకో తరగతి. అందులో రిజర్వ్ చేసింది ఏమీ ఉండదు. టికెట్ మీద సీటు నంబరు ఉండదు, ముందు పరుగెత్తినవాడిదే సీటు, కర్చీఫ్ వేసినవాడిదే రిజర్వేషన్. అయినా రిజర్వ్‌డ్ అనే పేరు దశాబ్దాలు నడిచింది. పేరుకూ వస్తువుకూ సంబంధం తెగినా ధర పట్టుకుని పేరు బతుకుతుందనడానికి ఇది మన ఊరి సాక్ష్యం.

బాల్కనీ కథ ఇంతకన్నా పొడుగైనది. మాట ఇటలీది. బాల్కోనే అంటే ఇంటి గోడ నుంచి ముందుకు పొడుచుకు వచ్చిన వేదిక. దాని వెనక ఉన్న బాల్కో అనే మాటకు దూలాలతో కట్టిన అట్టువ అని అర్థం. పాలమూరు జొన్న చేలల్లో పిట్టలు కొట్టడానికి నాలుగు గుంజలు పాతి పైన కట్టెలు పరిచి కట్టే మంచె ఉంది చూడండి, పుట్టుకలో బాల్కనీ దానికి చుట్టమే. ఎత్తున కూర్చుంటే దూరం కనబడుతుంది అన్న ఒక్క లెక్క మీద రెండూ నిలబడ్డాయి.

ఇక ఆ మంచెను నాటకశాలల వాళ్ళు అంతస్తులుగా పేర్చారు. లండన్ నాటకశాలలో నేల మీది సీట్లను స్టాల్స్ అంటారు. దాని పైది డ్రెస్ సర్కిల్, ఆ పైది అప్పర్ సర్కిల్, అన్నిటికన్నా పైది బాల్కనీ లేదా గ్యాలరీ. కొన్ని చోట్ల డ్రెస్ సర్కిల్‌నే రాయల్ సర్కిల్, గ్రాండ్ సర్కిల్ అని పిలుస్తారు. సర్కిల్ అన్నది ఆ అంతస్తు గుర్రపు నాడాలా వంగి ఉండడాన్ని బట్టి వచ్చిన పేరు. డ్రెస్ అన్నది అక్కడ కూర్చునేవాళ్ళు సాయంత్రపు విందుకు వేసుకునే బట్టల్లో రావాలన్న పాత మర్యాద నుంచి వచ్చింది. అంటే మన దగ్గర సీటు చెక్కదా, మట్టిదా అని చూసి పేరు పెడితే, వాళ్ళు కూర్చున్నవాడి కోటు చూసి పెట్టారు.

అన్నిటికన్నా పైన ఉన్న గ్యాలరీకి లండన్‌లో వాడుక పేరు ‘ది గాడ్స్’, అంటే దేవుళ్ళు. కప్పుకు దగ్గరగా, ఆకాశంలో కూర్చున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ వెటకారం. ఫ్రెంచివాళ్ళు దాన్నే ‘పారడీ’ అన్నారు, స్వర్గమని. అదే నోటితో ‘పులాయే’ అని కూడా అన్నారు, అంటే కోళ్ళ గూడు. స్పెయిన్‌లో కూడా కోళ్ళ గూడే. మెట్లెక్కి ఎక్కి ఆయాసపడి, బల్లల మీద ఇరుక్కుని కూర్చుని, నటుల నెత్తులు మాత్రమే చూడగలిగే పేదవాళ్ళ చోటది. అక్కడ బాల్కనీ అంటే చవక టికెట్. ఇప్పటికీ లండన్, న్యూయార్క్ నాటకశాలల్లో బాల్కనీ అని రాసి ఉంటే, చూడగలిగినదానికన్నా ఊహించుకోవాల్సిందే ఎక్కువని అర్థం.

మన దగ్గర బాల్కనీ అంటే హాల్లో అన్నిటికన్నా ఖరీదైన టికెట్. ఒకే మాట సముద్రం దాటేసరికి తలకిందులైంది.

అమెరికా వాళ్ళు ఇంకో గందరగోళం చేర్చారు. అక్కడ నేల మీది సీట్లు ఆర్కెస్ట్రా, దాని పైది మెజనీన్, ఆ పైది బాల్కనీ. మెజనీన్ అంటే ఇటాలియన్‌లో నడిమిది, రెండు అంతస్తుల మధ్య ఇరికించిన అంతస్తు. కానీ న్యూయార్క్‌లో నాటకాలకు పేరున్న బ్రాడ్‌వేలో కొన్ని థియేటర్లలో పైన ఉన్నదే ఒక్క అంతస్తు. నడిమిది కావాలంటే దాని పైన ఇంకొకటి ఉండాలి కదా. లేదు. అయినా దాన్ని మెజనీన్ అనే అమ్ముతారు. బాల్కనీ అంటే అక్కడ చవక సీటన్న ముద్ర పడిపోయింది కాబట్టి, ఉన్న ఒక్క బాల్కనీకి కూడా ఆ పేరు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరాలో కింది నుంచి పైకి ఆర్కెస్ట్రా, పార్‌టెర్, గ్రాండ్ టియర్, డ్రెస్ సర్కిల్, బాల్కనీ, ఫ్యామిలీ సర్కిల్ అని ఆరు మెట్లున్నాయి. ఇందులో పార్‌టెర్ అనే ఫ్రెంచి మాటకు అర్థం అచ్చంగా ‘నేల మీద’. ప్యారిస్‌లో 18వ శతాబ్దం చివరి దాకా పార్‌టెర్‌లో జనం నిలబడే నాటకం చూసేవాళ్ళు. మన నేల టికెట్ జాతే. ఆ నేల ఇప్పుడు న్యూయార్క్‌లో ఒక అంతస్తు పైకెక్కి, పెద్దవాళ్ళు కూర్చునే బాక్సుల వరుసకు పేరైంది. ఇక ఫ్యామిలీ సర్కిల్ అక్కడ అన్నిటికన్నా పైన, చవకైనది. మన దగ్గర ‘ఫ్యామిలీతో పోతున్నం’ అంటే బాల్కనీ తీయక తప్పదు.

నేల టికెట్‌కు ఇంగ్లండ్‌లో పాత చుట్టరికం ఇంకోటుంది. 1599లో లండన్‌లో కట్టిన గ్లోబ్ నాటకశాలలో ఒక పెన్నీ ఇస్తే వేదిక ముందు ఆరుబయట నిలబడి చూడొచ్చు. వాళ్ళను గ్రౌండ్లింగ్స్ అనేవాళ్ళు, నేలవాళ్ళని. ఇంకో పెన్నీ వేస్తే కప్పు కింద గ్యాలరీలో కూర్చోవచ్చు. అరుపులు, గోల, కొరికే గింజలు, వాసనలు అన్నీ నేలవాళ్ళ లెక్కలోనే రాశారు నాటి పెద్దమనుషులు. మన ట్రేడ్ భాషలో ‘నేల క్లాస్ ఆడియన్స్’ అన్నప్పుడు పెదవి ఎంత విరుస్తారో, అక్కడా అంతే విరిచి ఉంటారు.

మరి బాల్కనీ ధర మన దగ్గర ఎందుకు తలకిందులైంది? జవాబు తెరలో ఉంది. నాటకంలో మనిషి ఆరడుగులు. కన్ను ఎగరేసినా, పెదవి బిగించినా ముందు వరుసవాడికే తెలుస్తుంది. పద్యనాటకాల పిచ్చి ఉన్నవాళ్ళు హార్మోనియం పక్కకు జరిగి జరిగి కూర్చునేది అందుకే. ఊళ్ళో బాగోతం ఆడినా దొరకు, పటేలుకు వేసే కుర్చీ ముందే పడేది. హైదరాబాద్‌లో 1961లో కట్టిన రవీంద్రభారతిలో ఇప్పటికీ మంత్రులు, సన్మాన గ్రహీతలు ముందు వరుసల్లో కూర్చుంటారు. పాస్ దొరకనివాళ్ళు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు బాల్కనీ ఎక్కుతారు. అంటే మన రాష్ట్రంలోనే, మన మాటగానే, బాల్కనీకి రెండు విలువలున్నాయి. మనిషి ఆడే హాల్లో ఒకటి, బొమ్మ ఆడే హాల్లో ఇంకొకటి.

సినిమాలో హీరో ముఖమే ఇరవై అడుగులు. దగ్గరికి పోతే కనిపించేది ముఖం కాదు, ముక్కు. ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. తెర వెడల్పు 15 మీటర్లు, ఎత్తు ఆరు మీటర్ల పైచిలుకు ఉన్న హాలు తీసుకుందాం. కూర్చున్నవాడి కంటికి తెర పై అంచు దాదాపు ఏడు మీటర్ల ఎత్తున ఉంటుంది. కన్ను నుంచి తెర పై అంచుకు కోణం 35 డిగ్రీలు దాటకూడదని సినిమా ఇంజినీర్ల ప్రమాణం. దాటితే మెడ పట్టేస్తుంది. ఏడు మీటర్ల ఎత్తుకు 35 డిగ్రీలు రావాలంటే తెరకు పది మీటర్ల దూరంలో కూర్చోవాలి. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న మొదటి వరుసవాడికి ఆ కోణం 60 డిగ్రీలు. నేల టికెట్‌వాడు సినిమా చూస్తున్నట్టు ఉండడు, పండిన మామిడి చెట్టు చూస్తున్నట్టు ఉంటాడు.

అలాగని వెనక్కి పోతున్న కొద్దీ మేలని కాదు. తెర రెండు అంచులూ కలిసి కంటికి కనీసం 30 డిగ్రీల వెడల్పున కనిపించాలి, 36 అయితే ఇంకా మంచిది. 15 మీటర్ల తెరకు 36 డిగ్రీలంటే 23 మీటర్ల దూరం, 30 డిగ్రీలంటే 28 మీటర్లు. కాబట్టి ఈ హాల్లో మంచి చోటు పదో మీటరుకూ ఇరవై ఎనిమిదో మీటరుకూ మధ్య. నేల, బెంచి చాలా వరకు దీనికి ముందే అయిపోతాయి. బాల్కనీ పిట్టగోడ సరిగ్గా ఈ మంచి చోటు నడుమ పడుతుంది. పైగా పైన కూర్చున్నవాడి కన్ను తెర మధ్యభాగానికి ఇంచుమించు సమానమైన ఎత్తులో ఉంటుంది. మెడ ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. ముందు వరుస తలల సమస్య కూడా మెట్ల మీద తీరిపోతుంది. ముందువాడి నెత్తి మీదుగా వెనకవాడి చూపు పోవడానికి 12 సెంటీమీటర్ల సందు ఉంటే హాయి, 6 ఉంటే సర్దుబాటు అని హాళ్ళు కట్టేవాళ్ళ లెక్క.

ఆ పన్నెండు సెంటీమీటర్ల సంగతి డేరా టాకీసు నేలవాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆట మొదలయ్యే లోపు రెండు చేతులతో ఇసుక దగ్గరికి లాక్కుని, కుప్ప చేసి, అరచేత్తో తట్టి, దాని మీద కూర్చునేవాళ్ళు. వెనకవాడు ఊరుకుంటాడా? వాడు ఇంకో బెత్తెడు ఎక్కువ కుప్ప వేస్తాడు. ముందువాడు ఇంటర్వెల్‌కు లేచి వచ్చేలోపు వాడి కుప్ప సగం వెనక్కి పోయి ఉండేది. మెట్ల వరుసల సూత్రమంతా అందులోనే ఉంది, సిమెంటు ఒక్కటే తక్కువ.

ఇంకో మాట. బాల్కనీ మొత్తం ఒకే సరుకు కాదు. దాని మొదటి వరుస దూరం లెక్కలో బంగారం, కానీ ఎదురుగా పిట్టగోడ, దాని మీద ఇనుప పైపు. పిల్లలకు తెర కింది భాగం కనబడదు. వాళ్ళు లేచి గోడ మీద గడ్డం ఆనించి చూస్తారు, వెనకాల అమ్మ చొక్కా పట్టుకుని ఉంటుంది. పిట్టగోడ తగ్గిస్తే పిల్లలు పడతారు, పెంచితే పెద్దలకూ తెర కనబడదు. ప్రతి హాలూ ఈ రెంటి మధ్య ఎక్కడో రాజీపడి కట్టిందే. ఇక చివరి వరుసల్లో తల మీదుగా ప్రొజెక్టర్ వెలుగు పోతుంది. కుర్రాళ్ళు చెయ్యెత్తితే హీరో ఛాతీ మీద వేళ్ళ నీడ. నేలవాడు నిలబడి డాన్స్ చేసినా తెర మీద నీడ పడదు, బాల్కనీవాడు ఒళ్ళు విరిస్తే పడుతుంది. రేకుల కప్పు హాలయితే ఏప్రిల్ మ్యాట్నీలో ఇంకో శిక్ష కూడా ఉంది. వేడి గాలి పైకే పోతుంది కాబట్టి, ఎక్కువ డబ్బులిచ్చినవాడే ఎక్కువ ఉడుకుతాడు. పాలమూరు ఎండకు బాల్కనీ టికెట్ తీసి, ఇంటర్వెల్ తర్వాత గేట్ కీపర్‌ను బతిమాలి కిందికి దిగినవాళ్ళు కూడా ఉంటారు.

అసలు తెలివైనవాళ్ళ సీటు ఏదంటే, కింద ఫస్ట్ క్లాస్‌లో బాల్కనీ నీడ ఇంకా మొదలు కాని చివరి రెండు మూడు వరుసలు. దూరం సరిపోతుంది, ధర తక్కువ. అదే ఇంకా వెనక్కి జరిగి బాల్కనీ కిందికి పోతే కథ మారుతుంది. పైన బాల్కనీ అడుగుభాగం గొడుగులా కప్పేస్తుంది. గొడుగు మరీ లోతైతే తెర పై అంచు కోసుకుపోతుంది, శబ్దం కూడా మందగిస్తుంది. సంగీతం కోసం కట్టే హాళ్ళలో అయితే ఆ గొడుగు లోతు దాని నోటి ఎత్తుకు మించకూడదంటారు. వాన పాటలో మీదివాడికి ఉరుము వినిపిస్తే, గొడుగు కిందివాడికి పైన ఎవరో కాళ్ళు ఆడిస్తున్న చప్పుడు వినిపిస్తుంది. పాత హాళ్ళలో బాల్కనీని మోయడానికి కింద స్తంభాలుండేవి. స్తంభం వెనక సీటు దొరికినవాడు సినిమాను రెండు ముక్కలుగా చూసేవాడు. ఉక్కు దూలాలు, ఆర్‌సీసీ వచ్చాక స్తంభాలు లేకుండా బాల్కనీని గాల్లోకి చాపగలిగారు.

ఇంతవరకూ చెప్పింది కంటికీ చెవికీ సంబంధించిన లెక్క. అదొక్కటే అయితే ధరలో ఇంత తేడా రాదు. బాల్కనీవాడు కొనేది మెట్లను కూడా. వేరే గేటు, వేరే మెట్లు, పైన వేరే క్యాంటీన్, వేరే బాత్రూం. మీద కూర్చున్నవాళ్ళూ కింద కూర్చున్నవాళ్ళూ ఒకే సినిమాకు నవ్వి, ఏడ్చి, ఎక్కడా ఎదురుపడకుండా ఇళ్ళకు పోవచ్చు. బొంబాయిలో రాజు ఐదో జార్జి 1911లో ప్రారంభించిన రాయల్ ఒపేరా హౌస్ లాంటివి మొదట నాటకాలకు కట్టి, తర్వాత సినిమా హాళ్ళయ్యాయి. సినిమాకు కొత్తగా హాళ్ళు కట్టినవాళ్ళు అలాంటి కట్టడాల నుంచి బాక్సులు, సర్కిళ్ళు, వేర్వేరు దారుల పద్ధతి తెచ్చుకున్నారు. మన దగ్గర ఆ పద్ధతికి కరెక్టుగా సరిపోయే సమాజం ముందే సిద్ధంగా ఉంది. ఊరి కచేరీలో ఎవరు కుర్చీ మీద, ఎవరు అరుగు మీద, ఎవరు వాకిట్లో అన్నది తెలిసిన ఊళ్ళకు నేల, బెంచి, కుర్చీ ఎవరూ నేర్పక్కర్లేదు. టికెట్ చేసిన కొత్త పని ఒక్కటే, డబ్బుంటే ఎవరైనా మెట్లెక్కొచ్చు. ఊళ్ళో కుర్చీ దొరకనివాడికి టౌన్‌లో బాల్కనీ దొరికింది. అది చిన్న సంగతి కాదు.

ఇదే మెట్లను అమెరికా దక్షిణాది రాష్ట్రాలు ఇంకోలా వాడాయి. వర్ణ వివక్ష చట్టాల కాలంలో నల్లజాతి ప్రేక్షకులను పక్క గేటు నుంచి బాల్కనీకే పంపేవారు. కింద మంచి సీట్లు తెల్లవాళ్ళవి. అక్కడ పైకి తోశారు, ఇక్కడ కింద ఉంచారు. వేరే మెట్లు మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఆ మెట్లు ప్రాణాల మీదికి కూడా వస్తాయి. పొగ పైకే పోతుంది. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో మంటలు లేచినప్పుడు 59 మంది చనిపోయారు. పొగ పట్టేసింది బాల్కనీని. అక్కడ అదనపు సీట్లు, ఫ్యామిలీ బాక్స్ వేయడానికి నడిచే దారిని మూసేశారని విచారణలో తేలింది. ఖరీదైన అంతస్తులో నాలుగు సీట్లు పెంచుకుందామన్న ఆశ ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి దీనికన్నా ఘోరమైన ఉదాహరణ మన దేశంలో లేదు. ఏ ఊళ్ళో బాల్కనీ ఎక్కినా బయటికి దారి ఎటుందో ఒకసారి చూసి కూర్చోవడం పిరికితనం కాదు.

మళ్ళీ పేర్ల దగ్గరికి వద్దాం. గత కొన్నేళ్ళలో ప్రభుత్వ ఉత్తర్వుల్లోంచి బాల్కనీ నెమ్మదిగా మాయమైంది. కృష్ణ అవతల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 35లో తరగతులు ఎకానమీ, డీలక్స్, ప్రీమియం. గ్రామ పంచాయతీలోని నాన్ ఏసీ హాల్లో వాటి రేట్లు 5, 10, 15 రూపాయలు. పల్లీల పొట్లం కన్నా సినిమా చవక అని అప్పట్లో పెద్ద గొడవే అయింది. 2022 మార్చిలో దాన్ని మార్చి, నాన్ ప్రీమియం, ప్రీమియం అని రెండే తరగతులు చేశారు. నాన్ ప్రీమియం అన్న పేరు చూస్తే నేల అనడానికి ఎంత మొహమాటపడ్డారో తెలుస్తుంది. కృష్ణకు ఇటువైపు తెలంగాణ 2021 డిసెంబర్ 21న ఇచ్చిన జీవో 120 తరగతుల జోలికి పెద్దగా పోలేదు, కింది హద్దు, పై హద్దు పెట్టింది. ఏసీ హాళ్ళలో 50 నుంచి 150, మల్టీప్లెక్సుల్లో 100 నుంచి 250, రిక్లైనర్‌కు మామూలు హాల్లో 200, మల్టీప్లెక్సులో 300, జీఎస్టీ అదనం. పెద్ద సినిమాలు వచ్చినప్పుడు ప్రత్యేక అనుమతులతో ఈ హద్దులు పెరగడం వేరే కథ.

జీఎస్టీ ఇంకో గీత గీసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్‌కు 5 శాతం పన్ను, వంద దాటితే 18 శాతం. ఇప్పుడు హాలును రెండుగా చీల్చే పిట్టగోడ సిమెంటుది కాదు, వంద రూపాయల నోటుది.

కొత్త హాళ్ళలో అసలు సిమెంటు బాల్కనీయే లేదు. మహబూబ్‌నగర్‌లో 2021 సెప్టెంబర్ 24న తెరిచిన ఏవీడీ సినిమాస్ లాంటి మల్టీప్లెక్సులో తెర ముందు నుంచి వెనక గోడ దాకా ఒకే వాలు, మెట్లు మెట్లుగా. అచ్చంపేట వైపు మూలాలున్న హీరో విజయ్ దేవరకొండ ఏషియన్ సినిమాస్‌తో కలిసి పెట్టింది కాబట్టి పాలమూరులో దానికి కొంచెం ఇంటి అభిమానం కూడా ఉంది. ఇలాంటి హాళ్ళలో గొడుగు లేదు, స్తంభాల బాధ లేదు, పైకి వేరే మెట్లు లేవు. పాత హాలు జాగాలోనే మూడు నాలుగు తెరలు పడతాయి, కాబట్టి కట్టేవాడికీ లాభం. అందరూ ఒకే తలుపు నుంచి వస్తారు, ఒకే పాప్‌కార్న్ లైన్లో నిలబడతారు. ధర తేడా మాత్రం పోలేదు, వెనక వరుసకు మారింది. అక్కడ వరుసంతా కాళ్ళు చాపుకునే రిక్లైనర్లు. అంటే తిరిగి తిరిగి మళ్ళీ దేని మీద కూర్చున్నామో అదే పేరైంది. నేల, బెంచి, కుర్చీ, రిక్లైనర్ అని వరుసగా చదివితే మధ్యలో బాల్కనీయే పరాయిదిగా కనబడుతుంది.

అయినా నోటి మాట అంత తొందరగా పోదు. బుక్ మై షో తెరిచి, గళ్ళు గళ్ళుగా ఉన్న సీట్ల బొమ్మ చూసుకుంటూ ఫోన్లో అడుగుతారు: “బాల్కనీలున్నయా, అయిపోయినయా?” ఆ బొమ్మలో తెర కింద ఉంటుంది, వెనక వరుస పైన ఉంటుంది. కాబట్టి ‘మీద’ అన్నది ఇక్కడా తప్పు కాదు, కాకపోతే అది ఫోన్ గ్లాసు మీది ఎత్తు. ఒక చిన్న జాగ్రత్త అవసరం. వరుసల అక్షరాలు అన్ని హాళ్ళలో ఒకే వైపు నుంచి మొదలు కావు. ఒక చోట ఏ వరుస తెర ముందుంటే, ఇంకో చోట వెనక గోడకు ఉంటుంది. అక్షరం చూసి కాకుండా తెర ఎటుందో చూసి తీసుకోవాలి, లేకపోతే మూడు గంటలు మామిడి చెట్టు చూడాల్సి వస్తుంది.

పాత సింగిల్ తెర హాళ్ళు చాలా ఊళ్ళలో మూతపడ్డాయి. కొన్ని గోదాములయ్యాయి, కొన్ని ఫంక్షన్ హాళ్ళయ్యాయి. ఫంక్షన్ హాలైన చోట తెర తీసేసి అక్కడ పెళ్ళి స్టేజీ కడతారు. పొడుగాటి సోఫాలు తెచ్చి స్టేజీకి ఆనుకుని, ఒకప్పుడు నేల టికెట్ ఉన్న చోటే వేస్తారు. మేనమామలు, సర్పంచి, ఎమ్మెల్యే వస్తే ఎమ్మెల్యే, అక్కడే కూర్చుంటారు. బాల్కనీ అలాగే ఉంటుంది, కూలగొట్టడం ఖర్చు కాబట్టి. దాని మీద టెంట్ హౌస్ వాళ్ళ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చి ఉంటాయి. తలంబ్రాల వేళ వీడియో తీసే పిల్లాడు ఒక్కడే ట్రైపాడ్ భుజానేసుకుని ఆ మెట్లెక్కుతాడు.